పెట్టె అడుగున బాతిక్

చెల్లీ వార్తినీ,

ఒక మాట అడుగుతాను, నవ్వకుండా జవాబు రాయి. ఇంట్లో తొడుక్కునే నైటీ మీద మన వయసువాళ్లు ఎంత ఖర్చు పెట్టవచ్చు?

నాది చంకల దగ్గర చిరిగింది. "అమ్మా, దోమతెరకి కూడా పనికిరాదే అది!" అంటుంది మా రత్రి. చిరిగేకొద్దీ చల్లగా ఉంటుందని దానికేం తెలుసు? మన జోగ్జా ఊళ్లో ఆడవాళ్లందరిదీ ఇదే వరస. ఒంటిమీద చిరుగులు, పెట్టె అడుగున మంచి బాతిక్ బట్ట. అదేమో, మనం పోయిన రోజున మన మీద కప్పడానికి.

పోయిన వారం పక్కింటి సుకేసి పోయింది. ఏళ్ల తరబడి దాచుకున్న బాతిక్ కప్పారు. మడతల గీతలైనా పోలేదు. మనవరాలు దాన్ని తడిమి, "ఇదెవరిది?" అంది. ఆ పిల్ల దండెం మీది చిరుగుల నైటీ లాక్కొచ్చి, వాటేసుకుని ఏడ్చింది.

అప్పటినుంచీ కనపడ్డవాళ్లనల్లా నైటీ ధర అడుగుతున్నాను. ఎవరి లెక్కా నాకు నచ్చలేదు. ఇవాళ పొద్దున నా బాతిక్ తీసి, నడుముకు చుట్టుకుని బజారుకి వెళ్లాను.

"ఏం పెద్దమ్మా, పెళ్లెక్కడ?" అంది సోయా టెంపే ముక్కలు అమ్మే ఆవిడ.

"పెళ్లీ లేదు గిళ్లీ లేదు. ఇంట్లో కట్టుకునేదే."

ఇంటికొస్తే రత్రి గుమ్మంలోనే నిలబెట్టింది. "మరి రేపు నీ మీద ఏం కప్పాలి?"

"ఇదే కప్పండి. అప్పటికి నా వాసన పట్టి ఉంటుంది."

చెల్లీ, నీ పెట్టె అడుగున ఉన్నది ఏ రంగో నేనింతవరకూ చూడలేదు. రంజాన్ పండక్కి అది కట్టుకునే రా.

మీ అక్క