స్లాబు ఆగిన మధ్యాహ్నం

లొరేనా పిన్నికి,

ఇక్కడ టూసాన్ ఎడారిలో ఎండలెలా ఉన్నాయని అడిగావుగా. నిర్మాణ నిర్వహణ చదివే మాకు ఈ వేసవి పరిశోధనలో పని, కూలీల చేతికి గుండె వేగం కొలిచే పట్టీలు కట్టి గమనించడం. నిన్న మధ్యాహ్నం పైన స్లాబు వేస్తున్న రమీరో అనే తాపీమేస్త్రీ గుండె వేగం హద్దు దాటి, పట్టీ ఎర్రగా వెలిగింది. పని ఆపమంటే సైటు మేనేజర్ డ్వైట్ కసిరాడు.

"స్లాబు మధ్యలో ఆపమంటావేంటమ్మాయ్? ఇదేమన్నా మీ కాలేజీనా?"

"ఆయన దిగేదాకా నేను కదలను," అని కాంక్రీటు గొట్టానికి అడ్డం నిలబడ్డాను. రమీరో నవ్వుతూనే దిగొచ్చి, నీడలో కూలబడి స్పృహ తప్పాడు.

ఇవాళ ఆస్పత్రిలో లేచి కూర్చుని, పుచ్చకాయ ముక్కలు తింటున్నాడు. బయట డ్వైట్ ఎదురయ్యాడు. నన్ను సైటులోంచి పంపించేస్తాడనే అనుకున్నాను.

"ఇకనించి స్లాబులు తెల్లవారుజామునే వేస్తాం. పెందలాడే లేచి రా," అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. నేను గొట్టానికి అడ్డం నిలబడ్డ సంగతి అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు.

నీ అక్క కూతురు