జువేరియాకు రిలీజ్

నిజ్వా,
11 మే 2025

శ్రీయుత రఘుపతి గారి సన్నిధికి, నిజ్వా నుంచి ఇస్తారి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమమని మొదలుపెట్టడం మర్యాద. మేమంతా అనడానికి ఇక్కడున్నది నేనొక్కణ్ణే కాబట్టి, నేనంతా క్షేమం. నీ క్షేమం నేను అడగక్కర్లేదు, పేపర్లో చూశాను. గారు అన్నది పై వరుస వరకే. ఇకనుంచి నువ్వు అనే రాస్తాను. ఒకే గదిలో ఉండి పీడీ ట్రైనింగ్ చేసినవాళ్లం, ఒకే సబ్బు వాడినవాళ్లం.

మీ వ్యాయామ అధ్యాపకుల సంఘం నీకు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చిందట. సంతోషం. శాలువా రంగు నీకు నప్పలేదు. పక్కన శ్రీవాణి నిలబడి ఉంది. రైల్వేలో మంచి ఉద్యోగంలో ఉన్నట్టుంది, కొంచెం ఒళ్లు చేసింది. గ్రౌండ్ అంచున బిడియంగా నిలబడ్డ ఆ పిల్లలో క్రీడాకారిణిని గుర్తుపట్టింది నువ్వేనని స్టేజీ మీద చెప్పావట.

ఏ గ్రౌండ్, రఘుపతీ? జగిత్యాలలో మా మహిళా కాలేజీ గ్రౌండే కదా. ఆమెకు ఎడమ చేత్తో బాస్కెట్‌లో బంతి వేయడం నేర్పడానికి కుడి చేతిని వీపు వెనక చున్నీతో కట్టించి ఒక వానాకాలమంతా ఆడించాను. వాళ్ల అమ్మ సత్తవ్వ వచ్చి నా బిడ్డకు ఇదేం శిక్ష అని నన్ను తిట్టిపోయింది. నువ్వు టోర్నమెంటుకు అతిథిగా వచ్చావు. మా ఇంట్లో అన్నం తిన్నావు. పోతూ పోతూ ఆ పిల్లకు హైదరాబాదులో హాస్టల్ సీటూ, కొత్త బూట్లూ చూపించావు. కాలేజీలు తెరిచేసరికి శ్రీవాణి నా దగ్గర లేదు.

నేను ఎన్ఓసీ ఇవ్వలేదు. ఇవ్వలేదనే ఇప్పటికీ చెబుతాను. పాత కాలేజీ రిలీజ్ చేయని ప్లేయర్ ఒక సీజన్ ఆడకూడదన్న రూలు పెట్టింది యూనివర్సిటీ, నేను కాదు. ఆమె ఏడాదంతా నీ బెంచీ మీద కూర్చుంది, మరుసటేడు బెస్ట్ ప్లేయర్ అయింది. నువ్వు గురువువయ్యావు, నేను ఆడపిల్ల బతుకుతో ఆడుకున్న ముసలివాణ్ణయ్యాను. అప్పటికి నాకు ముసలితనం కూడా రాలేదు. ఆ మాటను జిల్లా అంతా మోసినవాళ్ల పేర్లు నాకు తెలుసు. మొదటి పేరు ఎవరిదో నీకూ తెలుసు.

నీ కాలేజీ ఈసారి సౌత్ జోన్‌లో మూడో స్థానంతో ఆగిపోయిందని విన్నాను. వెతికి చదవలేదు, ఎవరో చెప్పారు.

ఇక ఇక్కడి సంగతులు. స్కూల్లో పీటీ మాస్టారు ఉద్యోగం నుంచి పంపించేశాక ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు నన్ను ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కు పెట్టుకున్నారు. ఏసీ హాలు, కర్ర కోర్టు. ప్రాక్టీసు జరిగినంతసేపూ లైబ్రేరియన్ రాబియా మేడం మూల కుర్చీలో కూర్చుని ఉంటుంది, అది కాలేజీ పద్ధతి. కోచ్ పక్కన అసిస్టెంట్ కోచ్‌కు ఒక కుర్చీ వేస్తారు. అసిస్టెంట్ ఎవరూ లేరు. ఆ కుర్చీలో నా నీళ్ల బాటిల్ కూర్చుంటుంది.

అమ్మాయిలందరూ ఒమానీలు, ఒక్కతి తప్ప. ఆ ఒక్కతి జువేరియా. తండ్రి దస్తగిర్‌ది కడప, ఇక్కడ నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. పిల్ల ఇక్కడే పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. నాకు వచ్చిన అరబ్బీ కూరగాయల కొట్టు వరకే సరిపోతుంది. కోపమొస్తే నాకు తెలుగు తప్ప ఏదీ రాదు. టైమౌట్‌లో నేను నోటికొచ్చింది తిడతాను, జువేరియా దాన్ని అరబ్బీలోకి మార్చి మిగతావాళ్లకు చెబుతుంది. నేను బండబూతులకు దగ్గరగా ఏదో అంటాను, వాళ్లు చిరునవ్వుతో తలూపుతారు. ఏం చెప్పావే అని అడిగితే, నీళ్లు తాగమన్నారని చెప్పినా సార్, అంటుంది. ఒకసారి రిఫరీకి కళ్లజోడు కావాలని అరిచాను. ఆమె వెళ్లి ఏదో చెప్పింది, ఆ రిఫరీ వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి పోయాడు.

ఈ ఊళ్లో వారమంతా నేను తెలుగు మాట్లాడేది ఆ టైమౌట్లలోనే. గదిలో అలమరనిండా పుస్తకాలున్నాయి, వాటితో చదువే తప్ప మాట ఉండదు.

ఈ సీజన్ సెమీఫైనల్లో సీబ్ కాలేజీ చేతిలో రెండు పాయింట్ల తేడాతో పోయాం. చివర్లో జువేరియా బంతి పోగొట్టుకుంది. వెంటనే దించేశాను. ఆమె లేని ఆ కాస్త వ్యవధిలోనే వాళ్లు గెలిచారు. ఓడిన జట్టు పిల్లయినా సీజన్ బెస్ట్ ప్లేయర్ అవార్డు ఆమెకే ఇచ్చారు. తిరుగు బస్సులో కప్పు ఒళ్లో పెట్టుకుని నాతో అన్న మాట ఇది: "సార్, మీరు పుస్తకాలు చదివినంతసేపు నవ్వింటే మనం ఫైనల్‌కు పోయింటాం."

అవార్డు ఇచ్చిన చోటే సీబ్ కోచ్ ఆమెతో ఫొటో దిగింది. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. డిగ్రీకి ముందు చదివే ఫౌండేషన్ ఏడాది అయిపోయింది కదా, వచ్చే ఏడాది మా దగ్గర చేరు, ఫీజు లేదు, విమానాశ్రయం దగ్గర హాస్టల్, మీ కోచ్‌తో రిలీజ్ మాట్లాడుకో అన్నారట. ఆ ఒక్క మాట తండ్రి చెవిన పడింది.

రిలీజ్ అంటే ఇక్కడ ఏమిటో నీకు తెలియదు. వీసా ఇచ్చిన ఆసామిని కఫీల్ అంటారు. కఫీల్ సంతకం లేనిదే మనిషి ఇంకో కంపెనీకి పోవడానికి వీల్లేకపోయేది. ఆ సంతకమే రిలీజ్. ఈ మధ్య రూలు సడలించారు కానీ, కూలివాళ్ల గుండెల్లో ఆ మాట అలాగే ఉంది. సంతకం లేకుండా పోతే మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టకుండా బ్యాన్ పడేది.

నిన్న సాయంత్రం దస్తగిర్ నా గదికి వచ్చాడు. ఉతికిన బట్టలు, చేతిలో ఖర్జూరం డబ్బా. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతులు కట్టుకుని, "సార్, మా పిల్లకు మీరే గదా కఫీల్. రిలీజ్ ఇయ్యండి సార్, ఇంగోచోట ఆడుకుంటాది," అన్నాడు. మీరు ఇయ్యకుండా ఆడితే పిల్ల పాస్‌పోర్టు మీద బ్యాన్ కొడతారా అని కూడా అడిగాడు.

నేను కోచ్‌ను, కఫీల్‌ను కాను, ఇక్కడ పిల్లలు ఎక్కడ చేరితే అక్కడే ఆడతారు అని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఆలోచించి చెబుతాను అన్న మాట బయటికొచ్చింది. అతను దానికే దండం పెట్టి, వీపు చూపకుండా గుమ్మం దాటాడు. అలా నడవడం నాకు బాగా తెలుసు. ఈ దేశం వచ్చిన కొత్తల్లో నాకు స్కూల్లో ఉద్యోగం దొరికితే, నన్ను తెచ్చుకున్న కంపెనీ కఫీల్ రిలీజ్ ఇవ్వలేదు. ఏళ్ల తరబడి అతని గోడౌన్‌లో బంతులకు గాలి కొట్టాను. ఆలోచిద్దాం అనేవాడు, నేనూ అలాగే వెనక్కి నడిచి వచ్చేవాణ్ణి.

నువ్వు నవ్వుకోకు. నాకు జరిగింది అన్యాయం, శ్రీవాణికి జరిగింది రూలు. రెండూ ఒకటి కాదు. అది నేను ఎవరి ముందైనా వాదిస్తాను.

ఈ రోజు ప్రాక్టీసులో జువేరియాను అడిగాను, వెళ్లిపోతావా అని. షూ లేసు కట్టుకుంటూ, "మీరు పొమ్మంటే పోతా, వద్దంటే ఉంటా. అట్ల చూసుకుంటా కూర్చుంటే ఎట్ల సార్?" అంది. ఉండిపోతుందట, నేను ఉండమంటే చాలట. ఆ మాట అనడానికి నాకు ఎంతసేపు? అన్నానంటే వచ్చే ఏడాది కూడా ఆ హాల్లో నేను తిట్టేది అర్థమయ్యే మనిషి ఒకరుంటారు. అనకపోతే ఎవరూ ఉండరు. వచ్చే వారం జవాబు చెబుతానన్నాను.

ఇవన్నీ నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. నువ్వు చేసింది నేను మరిచిపోలేదని తెలియడానికి అనుకో. పురస్కారం గోడకు సరిగ్గా తగిలించుకో.

ఇట్లు,
ఏ శాలువా కప్పించుకోని
ఇస్తారి

తా.క. (27 మే): పైన రాసింది అలాగే ఉంచేశాను. ఒక్క అక్షరం కొట్టేయను.

దస్తగిర్ గదికి నేనే వెళ్లాను. పిల్లకు కఫీల్ ఎవరూ లేరు, ఎవరి రిలీజూ అక్కర్లేదు అని విడమరిచి చెప్పాను. అంతా విని, "సరే సార్, ఆ మాటే కాగితం మీద రాసియ్యండి," అన్నాడు. రాసిచ్చాను. ముద్ర లేదన్నాడు. రాబియా మేడంను బతిమాలి లైబ్రరీ ముద్ర కొట్టించాను. అప్పటికి నమ్మాడు.

సీబ్‌కు మాత్రం వద్దన్నాను. ఈ దేశంలో ఏ కాలేజీకి ఆడినా సీజనంతా కలిపితే గుప్పెడు మ్యాచ్‌లే. నా మాట పట్టుకుని తండ్రీకూతుళ్లు చాలా రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఆ అమ్మాయే హైదరాబాదు అంది. మలక్‌పేటలో మేనత్త ఇక్బాలున్నీసా ఉంది, ఆ ఇంట్లోనే ఉంటుంది. నీ కాలేజీలో స్పోర్ట్స్ కోటాకు ఇంకా గడువు ఉందని కనుక్కున్నాను.

నీ జట్టు గురించి ఎవరో చెప్పారని రాశాను కదా. ఎవరూ చెప్పలేదు. ఫోన్లో నీ మ్యాచ్‌లు ఒక్కటీ వదలకుండా చూస్తాను, ఏళ్లుగా. బంతి పోగొట్టుకున్న పిల్లను నువ్వు దించవు, కోర్టులోనే ఉంచుతావు. నేను దించేస్తాను. ఆమెకు ఇప్పుడు కావలసింది దించని కోచ్.

ఎన్ఓసీ అడగకు, ఇదే అనుకో. ఈ కవరు నీ చేతికిచ్చి, నువ్వు చదువుతున్నంతసేపూ ఎదురుగా నిలబడి ఉన్న పిల్లే జువేరియా. కూర్చోమను. చెప్పందే కూర్చోదు, అలా అలవాటు చేసింది నేనే.