కండువా చూడకుండా మేస్త్రీని పిలవాలనే తీర్మానం

సెప్టెంబర్ 1, సోమవారం. ఉదయం 6.10

మిద్దె పెచ్చు ఊడిపడింది. చిన్నది కాదు, దోసెల పెనమంత ఉండాది. పడింది యాడ? లోపలి గదిలో మంచం మీద. జెస్సీ కోసమని నిన్ననే కొత్త పరుపు వేసిన మంచం మీద!

జెస్సీ నాకు ఒక్కతే కూతురు. కడపలో ఉంటాది. తొలి కాన్పు. ఈ నెల ఇరవైకి ఇంటికి పిలుచుకొస్తాండాం. కాన్పయినాక తల్లీబిడ్డా ఆ మంచం మీదనే పండుకోవాల. పైన ఇట్ల ఊడిపడతాంటే యాడ పండుకుంటారు?

తప్పు నాదే. పోయిన ఏడు ఈ మిద్దె ఉరుస్తాందని ఒక మేస్త్రీని పిలిచినా. ఎందుకు ఆయన్నే పిలిచినా? బండికి మా పార్టీ జెండా ఉండె గాబట్టి. మనోడు గదా అని పని గురించి అడగనే లేదు. ఆయన పైపైన సిమెంటు పాలు పోసి, మా నాయకుని గురించి రెండు గంటలు మాట్లాడి, మూడుసార్లు టీ తాగి పోయినాడు.

6.40: తీర్మానం! పై రూపు చూసి మనిషిని కొలవద్దని నిన్న చర్చిలో పాస్టరయ్య గంటసేపు చెప్పినారు. నన్నే చూసి చెప్పినట్టుండె. ఈ రోజు నుంచి, లేవి అనబడే నేను, రిటైర్డు ఆర్టీసీ కండక్టరు, ఓర్వకల్లు, మేస్త్రీని పని చూసే పిలుస్తా. పార్టీ చూసి కాదు. ఈ డైరీలో ఏ పార్టీ పేరూ రాయను.

రూల్సు:
మెడలో కండువా చూడను.
బండి మీద స్టిక్కరు చూడను.
ఫోన్లో స్టేటస్ చూడను.

ముప్పై ఏండ్లు బస్సులో టికెట్లు కొట్టినా. నీది ఏ పార్టీ అని అడిగి ఎవరికైనా టికెట్ ఇచ్చినానా? ఇదెంత పని!

విశ్వాసమ్మకు చదివి వినిపించినా. నా భార్య. పెచ్చులు చీపురుతో ఊడుస్తాండాది. తలెత్తి "నువ్వా?" అనింది. అంతే. మళ్ళీ ఊడ్చుకుంటాండాది.

చూస్తాది!

సెప్టెంబర్ 2, మంగళవారం. మధ్యాహ్నం 12.30

శానా హుషారుగా ఉండాది. పొద్దున్నించి నలుగురిని విచారించినా. మూడు పేర్లు వచ్చినాయి: భూపేష్, హనుమేష్, గోపన్న. బేల్దారి పనిలో ముగ్గురూ చెయ్యి తిరిగినోళ్ళే అంట. అందరికంటే గోపన్న మేలంట. మా చర్చి మిద్దె బాగుచేసింది ఆయనే. నాలుగు వానాకాలాలు పోయినాయి, చుక్క రాలేదు.

"ఆయనది ఏ..." అని అడగబోయి ఆపుకున్నా. దగ్గు వచ్చినట్టు చేసినా. రెండో రోజు, తీర్మానం గట్టిగా ఉండాది!

సెప్టెంబర్ 3, బుధవారం. 9.15

భూపేష్‌కు ఫోన్ చేసినా. ఎత్తేలోపల కాలర్ ట్యూన్ మోగింది. వాళ్ళ పార్టీ పాట! అదీ ఎన్నికలప్పటి పాట. మమ్మల్ని తిట్టేది!

ఫోన్ పెట్టేసినా.

ఇది తీర్మానం తప్పడం కాదు. రూల్సు మళ్ళీ చూసుకున్నా. చూడను అని రాసినా, వినను అని రాయలేదు. చెవులకు రూల్ లేదు.

9.40: భూపేష్ తిరిగి చేసినాడు. "సార్, ఫోన్ చేసినారే?" రాంగ్ నంబర్ అని చెప్పినా. "మరి సార్ అంటే పలికినారే?" అన్నాడు. తెలివైనోడే పాపం.

సెప్టెంబర్ 5, శుక్రవారం. సాయంత్రం 5

హనుమేష్ వచ్చినాడు. ఆదోని పక్క మనిషి. బండి మీద స్టిక్కరు ఉండాది. నేను చూడలేదు. కండ్లకు కనపడింది, అంతే. మా పార్టీది!

మనసు ఎంత తేలికయిందో! నేనే కుర్చీ తెచ్చి వేసినా. విశ్వాసమ్మ వంటింట్లోంచి "ఏమబ్బా, కుర్చీ తుడిచి మరీ వేస్తాండావే" అనింది. మర్యాద అన్నా.

ఆయన మిద్దె చూసి, కొలవాలని టేపు కోసం బండి డిక్కీ తెరిచినాడు. డిక్కీలో రెండు కండువాలు. ఒకటి మాది, ఇంకొకటి వాళ్ళది. రెండూ ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉండాయి.

"ఏమప్పా హనుమేషూ, ఇదేంది?"

"ఇంటిని బట్టి వేసుకుంటా సార్. ఈడికి వచ్చేటప్పుడు స్టిక్కరు కూడా మార్చినా. దుడ్లు ఏ పార్టీవైనా దుడ్లే కదా సార్." పల్లు కనపడేట్టు నవ్వినాడు.

పంపించేసినా. వాళ్ళ పార్టీ వాడైనా ఇంత బాధ ఉండేది కాదు. రెండు కండువాలోడు మిద్దె మాత్రం నిలబెడతాడా?

విశ్వాసమ్మ లెక్క చెప్పింది: "ఒకాయన వాళ్ళ పార్టీ అని వద్దంటివి. ఇంకొకాయన రెండు పార్టీలని వద్దంటివి. ఏ పార్టీ లేనోడు కావాలంటే జెస్సీ కడుపులో ఉండాడు, వాడు పెరిగి తాపీ పట్టేదాకా ఆగుదామా?"

సెప్టెంబర్ 8, సోమవారం. ఉదయం 8

గోపన్న వచ్చినాడు. వచ్చినాడు అంటే గేటు దాకా.

మెడలో కండువా. బండి ముందర జెండా. ఫోను కవరు మీద నాయకుని బొమ్మ. చాలదన్నట్టు ముంజేతి మీద పచ్చబొట్టు. అన్నీ వాళ్ళ పార్టీవే. పండ్లు కొరికి పట్టుకొని "రాప్పా గోపన్నా, లోపలికి రా" అన్నా. ప్రభువు చూసినాడు, నేను నిజంగా పిలిచినా!

గోపన్న నన్ను చూడలేదు. తల పైకెత్తి మా మిద్దె మీదికి చూసినాడు. ఆడ మా పార్టీ జెండా ఉండాది. ఊరి మలుపు దాకా కనపడాలని ఎన్నికల ఏడు పదిహేను అడుగుల పైపు తెచ్చి నిలబెట్టినా.

"ఆ జెండా మీదేనా లేవన్నా?"

"నాదే."

"ఇంకెవరినన్నా చూసుకోండి." బండి తిప్పుకొని పోయినాడు.

8.20: ఏం మనిషి! ఒక ముసలి కండక్టరు మిద్దె ఉరుస్తాందని పిలిస్తే, పని చూడకుండా జెండా చూస్తాడా! ఇట్లాంటి బుద్ధులుంటే ఊరు యాడ బాగుపడతాది! పార్టీ చూసి పని ఒప్పుకుంటారా ఎవరైనా!

పైకే అరిచినా. విశ్వాసమ్మ పిండి కలుపుతా కలుపుతా గోడకు ఆనుకొని కూలబడింది. ఏమయిందో అని పరిగెత్తినా. నవ్వుతాండాది. కండ్లల్లో నీళ్ళు కారేదాకా నవ్వింది.

సెప్టెంబర్ 10, బుధవారం. ఉదయం 5.50

వాన. తెల్లారుజామున మొదలైంది. ఎన్నాళ్ళకో పడిన వాన, సంతోషపడాల. పడలేకపోతాండా.

లోపలి గదిలో చుక్కల కింద పెట్టినవి: బకెట్లు రెండు, పప్పు గిన్నె, ఇడ్లీ కుక్కరు, నా రిటైర్మెంటుకు డిపోలో ఇచ్చిన స్టీలు బిందె.

10.30: జెస్సీ ఫోన్. కాళ్ళకు నీరు వచ్చిందంట, ఇంత దూరం ప్రయాణం ఇంక ఆలస్యం చెయ్యొద్దని డాక్టరమ్మ చెప్పిందంట. ఇరవైకి కాదు, పద్నాలుగుకే అల్లుడు పిలుచుకొస్తాడంట. "నాయనా, గది అయిందా?" అని అడిగింది. "అవుతాంది తల్లీ" అన్నా. ఇడ్లీ కుక్కరులో టప్ అని చుక్క పడింది. వినపడకుండా ఫోను అటు తిప్పుకున్నా.

భయమేస్తాంది. నిజంగా.

సెప్టెంబర్ 11, గురువారం. 4.30

విశ్వాసమ్మ నాకు చెప్పకుండా గోపన్న ఇంటికి పోయింది. గోపన్న భార్య లక్ష్మక్క, ఈమె ఒకే పొదుపు సంఘం. ఏం మాట్లాడుకున్నారో గానీ, గంటలో గోపన్న గేటు దాటి లోపలికి వచ్చినాడు. మొహం మాత్రం గంటు పెట్టుకొనే ఉండాడు.

నేను అడిగేసినా. "మా జెండా అంటే అంత కోపమా అప్పా?"

"కోపం కాదు లేవన్నా. పోయినసారి మీ పార్టీ ఆయన ఇంట్లో పని చేసినా. ఆర్నెల్లకు గోడ నెర్ర విచ్చింది. సిమెంటు బాగలేదని అనలేదు, ఇసుక బాగలేదని అనలేదు. వాళ్ళ పార్టీ వాడు కావాలనే చెడగొట్టినాడని గోడ ఫోటో తీసి ఊరంతా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టినాడు. నా చేతిపని మీద ఎన్నడూ మాట రాలేదు. మూడు నెలలు నన్ను పనికి పిలిచినోడు లేడు."

ఆ గ్రూపులో నేనూ ఉండా. ఆ ఫోటో నేనూ ముగ్గురికి పంపినా.

5.10: గోపన్న మిద్దె ఎక్కి బకెట్ నీళ్ళు అక్కడొకసారి ఇక్కడొకసారి పోసి చూసినాడు. ఆఖరికి జెండా కాడ పోసినాడు. కింద నుంచి విశ్వాసమ్మ కేక: "కారతాండాయి!"

"ఈ పైపు ఎవరు దింపినారు?"

నేనే. డ్రిల్లింగ్ మిషన్ అద్దెకు తెచ్చి, గాలికి పడగూడదని మిద్దెలోకి లోతుగా బొక్క పొడిచి, నాలుగు బోల్టులు బిగించినా. సరిగ్గా లోపలి గది మంచం పైన. నీళ్ళు పైపు వెంబడి దిగి, లోపల కమ్మీలు తుప్పుపట్టి, పెచ్చులు ఊడతాండాయంట. ఇన్ని రోజులు మేస్త్రీల జెండాలు చూసినా గానీ నా జెండా కింద చూసుకోలేదు.

"తీసేయప్పా" అన్నా.

"నేను ముట్టను. మీ జెండా మీద నా చెయ్యి పడితే రేపు పంచాయితీ. మీరే దింపండి. దింపినాక పనికొస్తా."

సెప్టెంబర్ 12, శుక్రవారం

5.15: ఎవరూ లేవకముందే దింపినా. బోల్టులు తుప్పుపట్టి రాలేదు, అరగంట పట్టింది. జెండా మడతపెట్టి బీరువాలో పెట్టినా. ఏదో మాదిరిగా ఉండాది మనసు. ఇరవై ఏండ్ల అభిమానం. అయినా దాని కింద పండుకునేది నా మనవడో మనవరాలో.

6.30: పాలాయన. "ఏం లేవన్నా, పార్టీ మారినావంట?"

8.05: రామకృష్ణ ఫోన్. మండలంలో మా పార్టీ పెద్ద. "నీకేం తక్కువ చేసినామన్నా? ఒక్క మాట చెప్పింటే పోయేది గదా." మిద్దె ఉరుస్తాంది స్వామీ అన్నా. "సరే అన్నా, చెప్పుకోలేని కారణాలు ఉంటాయి" అని పెట్టేసినాడు.

9.20: వాళ్ళ పార్టీ వాళ్ళు నలుగురు గేటు కాడికి వచ్చినారు. చేతిలో పూలదండ, కండువా! నాకు కప్పి ఫోటో తీస్తారంట! లుంగీ మీదనే వెనక వాకిలి గుండా చర్చి కాడికి ఉరికినా. మధ్యాహ్నం దాకా ఆడనే కూర్చున్నా. పాస్టరయ్య నా భక్తి చూసి శానా సంతోషించినారు.

సెప్టెంబర్ 13, శనివారం

గోపన్న నిన్ననే మొదలుపెట్టినాడు. ఆ చెయ్యి చూడాల! వదులు గార అంతా సుత్తితో తట్టి రాల్చినాడు. కమ్మీలు ఒక్కొక్కటే బ్రష్షుతో గీకి మందు పూసినాడు. ఒక్క చోట కూడా ఊరకే కప్పెట్టలేదు.

11.00: ఎవరు మొదలుపెట్టినారో గుర్తులేదు. (నేనే.) ఎవరి హయాంలో రోడ్లు బాగుండె అని మాట వచ్చింది. గోపన్న నిచ్చెన మీద నుంచి, నేను కింద నుంచి. తట్టలో కలిపిన సిమెంటు గట్టిపడింది.

11.45: విశ్వాసమ్మ గరిటె పట్టుకొని వచ్చింది. "ఇంకొక్క మాట మాట్లాడితే అన్నం లేదు. ఇద్దరికీ."

సాయంత్రం దాకా ఇంట్లో సుత్తి చప్పుడు తప్ప ఏమీ లేదు. 6 గంటలకు పని అయిపోయింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

జెస్సీ వచ్చింది! పైకి చూసి "చర్చిలో ఉన్నట్టు ఉండాదే నాయనా" అనింది. తడి ఆరేదాకా ముందు గదిలో పండుకుంటాది. కొత్త సిమెంటు గట్టిపడాలని మిద్దె మీద మట్టి కట్టలు వేసి నీళ్ళు నిలబెడతాండా, పూటపూటకూ.

సెప్టెంబర్ 20, శనివారం

గదికి సున్నం కొట్టించినా. సున్నమేసే ఆయన్ను పిలిచేముందు బండి మీద స్టిక్కరు చూసినా. మనోడే. తీర్మానం రాసుకునింది మేస్త్రీ గురించి, సున్నానికి వర్తించదు.

జెండా కూడా గేటు పక్కన మట్టిలో గుంత తీసి పాతినా. మట్టికి రూల్ లేదు. రామకృష్ణ ఫోన్ చేసి అభినందించినాడు.

సెప్టెంబర్ 27, శనివారం. మధ్యాహ్నం 1.20

ఆడపిల్ల! తల్లీబిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం. ఇంకేం రాయలేను.

అక్టోబర్ 1, బుధవారం

నిన్న పాప ఇంటికొచ్చింది. పొద్దున్నించి కుండపోత వాన. గదిలో చుక్క లేదు! ఒక్క చుక్క కూడా! స్టూలు ఎక్కి మిద్దెను తడిమి చూసినా, పొడిగా ఉండాది. పాప ఆవులించి మళ్ళీ నిద్రపోయింది.

అక్టోబర్ 2, గురువారం. 11.00

ఇది రాయకూడదనుకున్నా. రాస్తాండా.

గోపన్న తనంతట తానే వచ్చినాడు. "నిన్న వాన గట్టిగా పడింది గదా, మనసు ఆగలేదు లేవన్నా, ఒకసారి చూసి పోదామని." మిద్దెను వేలితో తట్టి తట్టి చూసి, తృప్తిగా తల ఊపినాడు. జెస్సీ "మామా, పాపను ఎత్తుకో" అనింది. గోపన్న కండువాతో చేతులు తుడుచుకొని, మొహం తుడుచుకొని, రెండు చేతులూ చాపినాడు.

"ఆ కండువా తీసి ఎత్తుకోప్పా, పాపకు తగులుతాది."

నా నోరే. నా నోట్లోంచే వచ్చింది. "తడిసింది గదా, అందుకని" అని వెంటనే కలిపినా. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

గోపన్న చేతులు దించేసినాడు. "పని ఉండాది" అని పోయినాడు. విశ్వాసమ్మ పెట్టిన టీ గ్లాసులోనే చల్లారింది.

జెస్సీ నా పక్క చూడకుండా అనింది: "ఆయప్ప చేత్తో పూసిన మిద్దె కింద పండుకోవచ్చు గానీ, ఆయప్ప చేతుల్లో పండుకోగూడదా నాయనా?"

విశ్వాసమ్మ ఈసారి నవ్వలేదు. నవ్వింటే బాగుండు.

అక్టోబర్ 3, శుక్రవారం. ఉదయం 6.30

గోపన్న ఇంటికి పోయినా. బండికి పనిముట్ల గంప కట్టుకుంటాండాడు. లక్ష్మక్క చెంబుతో నీళ్ళిచ్చి లోపలికి పోయింది.

"తప్పయింది గోపన్నా. ఆ గోడ ఫోటో పంచిన వాళ్ళల్లో నేనూ ఉండా. అదీ తప్పే."

తాడు ఇంకో చుట్టు చుట్టి బిగించినాడు. "ఫోటోలు చూసి చూసి మొద్దుబారినా లేవన్నా. బిడ్డ ముందర అన్నావే, అది తగిలింది."

"ఆదివారం సాయంత్రం పాపకు ప్రార్థన కూటం పెడతాండాం. నువ్వు, లక్ష్మక్క రావాల. నువ్వే మొదట ఎత్తుకోవాల."

అప్పుడు నా మొహంలోకి చూసినాడు. "కండువా వేసుకొని రావాల్నా, తీసి రావాల్నా?"

కూటానికి రామకృష్ణ వస్తాడు. మావోళ్ళంతా వస్తారు. ఫోటోలు తీస్తారు. గ్రూపుల్లో పెడతారు.

"నీ ఇష్టమప్పా" అన్నా.

7.40: ఇంటికొచ్చి పాత రూల్సు కొట్టేసినా. కొత్త తీర్మానం: ఎవరి కండువా గురించీ నోరు తెరవను. మొదటి రోజు.

విశ్వాసమ్మ పాపను భుజాన వేసుకొని నా వెనక నిలబడి చదివింది. "ఎన్నాళ్ళకంట?"

ఎప్పటికీ అని రాయబోయినా. పెన్ను ఆపి, ఆదివారం దాకా అని రాసినా. ఆదివారం నిలబడితే, సోమవారం సంగతి సోమవారం పొద్దున రాస్తా.