గీసి చూడని రాయి

ప్రసాద్,

ఇవాళ తెలంగాణ వచ్చింది. ఎల్‌బీ నగర్‌లో పటాకులు మోగుతుంటే, మనిద్దరం ఖనిజాల సర్వేలో తెచ్చిన రాయిని బల్ల మీద నుంచి తీశాను. ఆ అడవి కొండ మీద దాని ఎర్రమరక చూపించి, "ఇది తుప్పు కాదురా, పాదరసం ఉండే ఇంగిలీకం. పక్కనే బూడిదరంగులో మెరిసే ఆంటిమొనీ ఖనిజం చూడు, రెండూ ఒకే రాతి పగులులో పుడతాయి. పలక మీద గీసి చూడు" అన్నావు.

"మా కొండల సంగతి నువ్వు చెప్పుడేంది?" అన్నాను. ఉద్యమం రోజులవి. నువ్వు గుంటూరువాడివని గీసి చూడలేదు.

నువ్వు చనిపోయిన ఏడాదికి, ఇవాళ పింగాణీ పలక మీద గీశాను. తుప్పయితే గోధుమరంగు గీత పడాలి. కుంకుమలా పడింది.

రిపోర్టులో 'ఇనుప తుప్పు, తవ్వకం అనవసరం' అని రాసింది నేనే. కింద నీ చేత కూడా సంతకం పెట్టించాను.