పది రోజుల తర్వాత రమ్మన్నారు

నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో, రెండో అంతస్తులో ఒంటరిగా ఉంటున్న దివి ఫణికుమార్ అనే నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, తెలివి సరిగా ఉండగా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె బలహీనపడిందని డాక్టర్లు చెప్పారు గానీ జ్ఞాపకం ఏమాత్రం చెడలేదు. ఇది రాయమని ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. పెట్టేవాళ్లుంటే ఎనిమిదేళ్ల కిందటే రాసి ఉండేవాణ్ణి. ఇంతకుముందు రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దయినది.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నాతో పాటు ఆఫీసులో పనిచేసిన రాఘవేంద్రది. నేను పెళ్లి చేసుకోలేదు. నా ఆస్తి అంతా స్వార్జితం.

2. మా తమ్ముడి కొడుకు వంశీధర్‌కు మా నాన్నగారి చేతి గడియారం, నా స్కూటరు. ఒరేయ్ వంశీ, నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లిన ప్రతిసారీ దారిలో ఈ ఇంటి సంగతి ఎత్తేవాడివి. ఎత్తకపోయినా ఇల్లు నీకు వచ్చేది కాదు, కాబట్టి తొందరపడి చెడగొట్టుకున్నానని బాధపడకు.

3. నేను నివసిస్తున్న ఈ ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం బాలకిషన్, కీ.శే. రజని దంపతుల కుమార్తె లహరికి సర్వహక్కులతో చెందవలసినది. కారణం అడిగే హక్కు వాళ్లకు ఉంది గనక రాస్తున్నాను.

రజని ఆబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేసేది. తల్లి జంగమ్మ పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి ఈ ఊరు వచ్చిన మనిషి. భర్త బాలకిషన్ బేగం బజార్‌లో మిర్చి గోదాములో పని. మా నాటక సమాజానికి దుస్తులు కొనడానికి వెళ్లి, ఆమె గొంతు విని, నేనే వేషం వెయ్యమని అడిగాను. ఆమె మా దగ్గర చేరిన ఆరో ఏట నేను థియోడోరా నాటకం రాశాను. పదిహేను వందల ఏళ్ల కిందట కాన్‌స్టాంటినోపుల్ నగరంలో థియోడోరా రంగస్థల నటి. రోమన్ చక్రవర్తిని పెళ్లాడి సామ్రాజ్ఞి అయింది. చివరికి క్యాన్సర్‌తో పోయింది. ఆఖరి అంకమంతా ఆ జబ్బు, ఆ చావు. ఆ వేషం రజనిది.

రిహార్సల్స్‌లో ఆమె నోట ‘గట్లా’ అన్న మాట వస్తే చాలు, అందరి ముందూ ఆపేవాణ్ణి. మహారాణులు అలా మాట్లాడరని చెప్పేవాణ్ణి. మా కృష్ణా జిల్లా భాషే రోమన్ల భాష అయినట్టు. ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పేది.

2016 నవంబరులో రొమ్ములో గడ్డ కనిపించింది. ఇంట్లో భయపడతారని దవాఖానాలో నా ఫోన్ నంబరు ఇచ్చింది. పరీక్ష ఫలితం బాగా లేదని, రేపే తీసుకురమ్మని నాకు ఫోన్ వచ్చింది. నాటక పోటీకి తొమ్మిది రోజులున్నాయి. రజని నా ఎదురుగానే నిలబడి టీ తాగుతోంది. ఏమన్నారని అడిగింది. పది రోజుల తర్వాత రమ్మన్నారని చెప్పాను.

ఆమె మొహం తేటపడింది. మిగతా టీ తాగి స్టేజీ ఎక్కింది.

పోటీలో గెలిచాం. తుది పోటీ జనవరిలో అన్నారు. దవాఖానావాళ్లు అప్పటిదాకా ఆగమన్నారని నేను మరో అబద్ధం చెప్పాను. తుది పోటీ రోజు చావు సీనులో రజని నేను రాసిన మాటలు వదిలేసి, మంచం అంచున కూర్చుని చెలికత్తెతో ఇలా అంది: “గీ కిరీటం బరువైతుంది. జర తియ్యున్రి.” ఉత్తమ సంభాషణల బహుమతి నాకు వచ్చింది. న్యాయనిర్ణేతలు ఆ మాటనే ఎత్తి చెప్పి మెచ్చుకున్నారు. నేను దండం పెట్టి షీల్డు తీసుకున్నాను.

ఆ వారమే దవాఖానాకు వెళ్లాం. ఫోన్ చేసిన మర్నాడే ఎందుకు రాలేదని నర్సు అడిగింది. రజని నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. అప్పటికి రెండు నెలలు గడిచాయి. ముందే వచ్చినా ఇంతేనేమోనని తర్వాత ఒక డాక్టరు అన్నాడు. ఆ ‘ఏమో’ను పట్టుకుని చాలా కాలం బతికాను.

ఆమె మరో పది నెలలు ఉంది. నేను చూడడానికి వెళ్లింది నాలుగుసార్లు. చివరిసారి, జంగమ్మ నీళ్లకు బయటికి వెళ్లినప్పుడు, రజని అంది: “మా ఆయనకు చెప్పకున్రి సార్. మీతోని కొట్లాడుకుంట కూసుంటే పిల్లను చూసేటోళ్లు ఉండరు.” బిడ్డ కోసం అన్న ఆ మాటను నేను నాకు దొరికిన క్షమగా మార్చుకున్నాను. సంతాప సభలో ఆమెను మహారాణి అని పొగిడాను. బాలకిషన్ వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. పెట్టనిచ్చాను.

ఇప్పుడు లహరికి పద్దెనిమిదేళ్లు. దాక్కోవడానికి నాకు ఇంకే సాకూ లేదు.

4. షీల్డును ఇచ్చినవాళ్లకే రాఘవేంద్ర తిరిగి ఇచ్చి, ఆ కిరీటం మాట రజనిదని రాతపూర్వకంగా తెలపవలసినది. నాటకాన్ని ఎవరు వేసినా ఆ మాట అలాగే ఉండాలి, ఆమె పేరుతో.

5. నా పేము కుర్చీ జంగమ్మకు. కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చినప్పుడల్లా ఆమె రిహార్సల్ గదిలో నేల మీదే కూర్చునేది. ఆరేళ్లలో ఒక్కసారైనా కుర్చీ వెయ్యలేదు.

6. నాకు సంతాప సభ పెట్టకూడదు.

7. రెండో సాక్షిగా బాలకిషన్‌ను రమ్మన్నాను. సాక్షికి లోపలి సంగతులు తెలియాలని చట్టం అడగదు. అయినా ప్రతి అక్షరమూ రాఘవేంద్ర అతనికి నా ఎదుటే చదివి వినిపిస్తాడు. నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. అతను సంతకం పెట్టకపోతే మరొకరితో పెట్టించి, అతని పేరు కొట్టేయకుండా ఆ చోటు ఖాళీగా వదలవలసినది.

నాంపల్లి, 16 ఫిబ్రవరి 2025.

(సంతకం) దివి ఫణికుమార్

సాక్షులు:

1. (సంతకం) కె. బుచ్చిబాబు, పక్కింటివారు. 16-2-2025.

2. (సంతకం) బాలకిషన్, ఉస్మాన్‌గంజ్. 19-2-2025. మొత్తం చదివిపిచ్చుకొని విన్న. ఆ రోజు లేచి పోయిన. మూడు దినాలకు మల్ల వచ్చిన. సార్ ఇది తన సంతకమే అని నా ముంగట చెప్పిండు, అందుకే పెడుతున్న. మాఫ్ చేసినట్టు కాదు. పిల్లకు నేనే చెప్త.