పెనం కత్తిరించిన ఫొటో

సువార్తక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. టీచర్ల అర్హతలు తేల్చే ఆ సలహా సంఘం మొన్న ఆదోనిలో సభ పెట్టి తన చరిత్ర తానే చెప్పుకుంది. శాలువాలు కూడా వాళ్లకు వాళ్లే కప్పుకున్నారు.

ఏం చరిత్రక్కా అది? శిక్షణ కావాలన్నారు, తీసుకున్నావు. ఆ శిక్షణ చెల్లదు, పరీక్ష రాయమన్నారు, రాశావు. తర్వాత ఆ పరీక్షా చెల్లదన్నారు. ఏనాడూ సుద్దముక్క పట్టని పెద్దమనుషుల పుణ్యమా అని, అర్హత లేని తాత్కాలిక టీచరుగానే పోయావు. కోసిగిలో తల్లిదండ్రులు కూలిపనులు వెతుక్కుంటూ సుగ్గికి వలసపోతే, పిల్లల చదువు ఆగకూడదని బడిలోనే ఉంచుకుని రొట్టెలు కాల్చి పెట్టావు. "ఇది ఏ అర్హత కిందికి వస్తుందమ్మా?" అని నవ్విన అధ్యక్షుడే మొన్నా అధ్యక్షుడు.

వేదిక మీద నీ ఫొటో పెట్టారు. కింద "మా ప్రమాణాలు తీర్చిదిద్దిన ఉపాధ్యాయిని" అట! నువ్వు రొట్టెలు కాలుస్తున్న ఫొటోనే. పెనాన్నీ పిల్లల్నీ కత్తిరించేశారు.

అదే ఫొటో, కత్తిరించనిది, కోసిగిలో ఈరమ్మ ఇంటి గోడకూ ఉంది కదా. సభలో నా పక్కనే కూర్చున్న ఈరమ్మ లేచి అరిచింది: "ఏం సారూ, మా టీచరమ్మ పక్కన నా కొడుకుండె. వాన్ని యాడికి తోసేసినారు?"

"వాళ్ల అవసరం లేదమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

ఫొటోలో నువ్వు ఆ పిల్లాడి వైపు తిరిగి నవ్వుతూనే ఉన్నావక్కా. ఇప్పుడు వేదిక మీద ఆ వైపు అధ్యక్షుడి కుర్చీ ఉంది. తనను చూసే నవ్వుతున్నావనుకున్నాడేమో, శాలువా సర్దుకున్నాడు వెధవ.

నీ చెల్లెలు,
మేరీ