ఎడమ పక్క చోటు

వదినా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఫోన్‌లో చూసి చూసి నువ్వు ముచ్చటపడ్డ మంచుకొండ నిన్ననే ఎక్కాను. నీ బిడ్డ స్వాతి పట్టుబట్టి నన్ను కాజీపేటలో రైలెక్కించి, హిమాలయాల దాకా వెంటబెట్టుకుని వచ్చింది.

ఆయాసపడుతూనే నడిచాను. అయితే సన్నటి బాటలో కూడా ఎడమ పక్క చోటు వదిలేసి, లోయ అంచునే నడుస్తున్నానట.

"అత్తా, నడిమిట్ల నడువరాదు? అంచుకు పోతానవేంది?" అని వెనక నుంచి స్వాతి కోప్పడుతూనే ఉంది.

అది మగ్గం అలవాటు, వదినా. మన కొత్తవాడలో వెడల్పు జంపఖానా నేయాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఇన్నేళ్లూ నువ్వు ఎడమ పక్క, నేను కుడి పక్క. దారం నీ చేతి నుంచి నా చేతికి వచ్చేది. నువ్వు పోయాక అన్న ఇంకో మనిషిని పెడతానంటే నేను ఒప్పుకోలేదు. ఒక్కదాన్నే చిన్నవి నేస్తున్నాను, అదీ కుడి చివరనే కూర్చుని.

పైకి చేరాక ఒక బండ మీద కూలబడ్డాను. అక్కడా కుడి చివరకే. స్వాతి వచ్చి ఎడమ పక్కన కూర్చుని, నీలాగే మోకాళ్లు ముడుచుకుంది.

"అమ్మ ఉంటే గిక్కడ సుత ఛాయ్ అడుగుతుండె" అంది.

ఆ చోట కూర్చోవద్దని ఏడాదిగా అందరికీ చెబుతున్నాను. దానికి చెప్పలేదు. చలికి అది నా దగ్గరికి జరిగింది. నేనూ జరిగాను, వదినా.